కిటికీలో కుడిచెయ్యి

సోమవారం వంటల వేళకి తవిటమ్మ వెళ్ళేసరికి బడి ఉండవలసిన చోట లేదు. రెండు మడులవతల, పోలినాయుడి వేరుశనగ చేలో ఉంది. నిలబడి లేదు, నడుస్తోంది. నిండు బిందె నెత్తిన పెట్టుకున్న మనిషిలా, ఒళ్ళు కదలనివ్వకుండా, నింపాదిగా గెడ్డ వైపు పోతోంది. గెడ్డంటే ఈ ఊరికీ పెద్దూరికీ మధ్య పారే వాగు.

తవిటమ్మ బడి కమిటీకి ఛైర్‌పర్సన్. తల్లిదండ్రులంతా చేతులెత్తి ఎన్నుకున్న మనిషి. పిల్లలకు వడ్డించే ముందు మధ్యాహ్న భోజనం రుచి చూడడం ఆమె పనుల్లో ఒకటి. బడి కదిలిపోతోందని పని మానుకుంటుందా? కుచ్చెళ్ళు ఎగదోపుకుని చేనుకి అడ్డంపడి వెళ్ళి అందుకుంటుంది. వంటగది కూడా బడి వెనకాలే వస్తోంది, గిన్నెలు చప్పుడు కాకుండా.

"పప్పులో ఉప్పు సాలనేదు," అంటుంది వంటావిడతో, పక్కనే నడుస్తూ.

తర్వాత కిటికీ దగ్గరికి వెళుతుంది. లోపల మాస్టారు రెండో తరగతికి ఎక్కాలు చెబుతున్నారు. ఆ బడికి ఆయనొక్కరే మాస్టారు.

"ఏటి మాస్టారూ, బడి ఎక్కడికెల్తంది?"

"పెద్దూరి బడిలో కలిసిపోడానికండి."

"ఎవలు ఎల్లమన్నారు?"

"మనమే. మొన్న మీటింగులో పై ఆఫీసరుగారు, కలపడం ఇష్టం లేనివాళ్ళు చెయ్యెత్తండి అన్నారు. ఎవరూ ఎత్తలేదు."

తవిటమ్మకు గుర్తొస్తుంది. సరిగ్గా అప్పుడే అందరికీ టీ ఇచ్చింది తనే. అంత దూరం నుంచి వచ్చిన పెద్దమనిషిని నోరు తడపకుండా పంపుతామా అని, ఒక చేతికి అంచుదాకా పోసిన వేడి గ్లాసు, ఒక చేతికి బన్ను. ఎత్తితే పక్కవాడి నెత్తిన పడుతుంది. కాబట్టి కమిటీ అంతా మర్యాదగా టీ ఊదుకుంటూ కూర్చుంది. బడేమో ఒప్పుకున్నారనుకుంది. దాన్ని మాత్రం అని ఏం లాభం? చెప్పిన మాట వినాలని పిల్లలకు రోజూ చెప్పేది అదే కదా.

గెడ్డ దాటిందంటే బడి ఇక తిరిగి రాదు. వానాకాలం ఆ నీళ్ళు నడుం లోతు పారతాయి. ఐదో తరగతి వాళ్ళు ఎలాగో దాటుకుంటారు. ఒకటీ రెండూ వాళ్ళు ఇంట్లో ఉండిపోతారు. తవిటమ్మ కూతురు హాసిని రెండో తరగతి. తవిటమ్మ చదువు ఆగిపోయిందీ రెండో తరగతిలోనే, ఈ గెడ్డ వల్లే. అప్పట్లో బడి అవతలి గట్టున ఉండేది. ఒకరోజు మాస్టారేదో అడిగితే చెయ్యెత్తింది. జవాబు నోటిదాకా వచ్చింది. ఈలోగా వాన పట్టుకుంది, నీళ్ళొచ్చేస్తాయని అందరినీ ఇళ్ళకు తోలేశారు, ఆమె మళ్ళీ వెళ్ళనే లేదు. అది తలుచుకుంటే ఆమెకిప్పటికీ ఏడుపొస్తుంది.

"ఇప్పుడే మీటింగెట్టండి," అంటుంది.

"పెట్టొచ్చండి. కానీ సభ్యుల్లో సగం మంది రావాలి. తీర్మానం బడి లోపలే జరగాలి."

"లోపలే సేద్దాం. గంట కొట్టండి."

గంట మోగుతుంది. బడి నడక ఆపదు. వైస్ ఛైర్మన్ పోలినాయుడు తన చేలో నలిగిన చాళ్ళు చూసుకుంటూ పరిగెత్తుకొస్తాడు. నడిచేటప్పుడు బడి మెట్లు ముడుచుకుంటుంది కనుక, మాస్టారు చెయ్యందిస్తే పైకెక్కుతాడు.

"సేనంతా తొక్కీసింది. ఏటనాలి దీన్ని?"

"తిట్టకు మావా. అడుగు తడబడతాది. లోపల పిల్లలున్నారు," అంటుంది తవిటమ్మ.

బంగారమ్మను ఇద్దరు ఎత్తి లోపల పెడతారు. మనవడి తరఫున ఆమె సభ్యురాలు. బన్ను కోసమే మీటింగులకొస్తుందని ఊళ్ళో పేరు.

"టీ నేదేటే?"

"నేదు పిన్నీ. ఇదంతా టీ వల్లొచ్చిందే."

"పోనీ బన్ను?"

"సేతులు కాళీగా ఉండాల."

సగం కంటే ఎక్కువమందే చేరతారు. పిల్లల బెంచీల మీద, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుంటారు. ఈలోగా బడి గట్టు దిగుతుంది. గది ముందుకు వాలుతుంది. సుద్దముక్కలు దొర్లుకుంటూ బోర్డు కిందికి చేరతాయి. పిల్లలు బెంచీలు పట్టుకుని, ఎక్కం మాత్రం ఆపరు.

"బడి మనూళ్ళోనే ఉండాలన్నోలు సెయ్యెత్తండి," అంటుంది తవిటమ్మ.

అన్ని చేతులూ లేస్తాయి. బడి ఆగదు. నీళ్ళు అరుగు మీదికొస్తాయి.

"లోపల ఎత్తితే దానికెలా తెలుస్తుందండీ? బడి చూపంతా బయటికే," అంటారు మాస్టారు.

"అవును మరి. నా కడుపులో ఏటుందో నా కంటికి అగుపడతాదేటి?" అంటుంది బంగారమ్మ. "బయటెట్టండి సేతులు."

కిటికీ ఊచల సందుల్లోంచి కుడిచేతులు బయటికొస్తాయి. గాజుల చేతులు, మట్టి చేతులు, పోలినాయుడి వాచీ చెయ్యి. బడి వాటిని చూస్తుంది. నడిగెడ్డలో ఆగిపోతుంది.

ఆగిందే గాని వెనక్కి రాదు. వెనక్కి నడవడం దానికెవరూ నేర్పలేదు. అప్పుడు తవిటమ్మ చెయ్యి, ఆమె అడక్కుండానే, సాగడం మొదలెడుతుంది. మోచేయి దాటి, గోడ పొడవునా దిగి, నీళ్ళలో మునుగుతుంది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. మిగతా చేతులూ సాగుతాయి.

"ఒక్కసారే లాగండర్రా!" అంటాడు పోలినాయుడు.

పిల్లలు రెండో ఎక్కం అందుకుంటారు. రెండొకట్ల రెండు అనగానే చేతులన్నీ కలిసి ఒక తెడ్డు వేస్తాయి, రెండు రెళ్ళు నాలుగు అనగానే ఇంకో తెడ్డు. బడి వెనక్కి కదులుతుంది. గట్టెక్కుతుంది, చేను దాటుతుంది, తన పాత చోటికొస్తుంది. అప్పటికే అక్కడ కాపురం పెట్టిన కోళ్ళు విసుక్కుంటూ లేచి జాగా ఇస్తాయి. గుమ్మం ఇదివరకు రోడ్డు వైపు ఉండేది, ఇప్పుడు కొండ వైపు తిరిగింది. గాలి బాగానే వస్తోంది కనుక ఎవరూ తప్పుపట్టరు.

ఇక ఇళ్ళకు వెళదామని లేస్తే చేతులు కిటికీల్లోంచి రావు. మామూలు పొడవుకి తగ్గి, పైకెత్తుకుని అక్కడే ఉన్నాయి.

"తీర్మానం నిలవాలంటే చేతులు లేచే ఉండాలండి," అంటారు మాస్టారు.

"ఎన్నాల్లు?"

"కమిటీ ఉన్నన్నాళ్ళు."

"మరి నాను కొడవలి ఎలాగ పట్టీది?" అంటాడు పోలినాయుడు.

"ఎడం సేత్తో నేర్సుకో మావా. నేర్సుకోడానికి సిగ్గేటి?" అంటుంది తవిటమ్మ.

పోలినాయుడు కాసేపు గొణిగి ఒప్పుకుంటాడు. భుజాల దగ్గర గొళ్ళెం తీసినంత చప్పుడవుతుంది. చేతులు ఊడి కిటికీల్లోనే ఉండిపోతాయి, నొప్పేమీ ఉండదు. పోయేముందు తవిటమ్మ తన చేతి గాజులు సర్దుతుంది, ఊచలకు తగిలి పగలకుండా. బంగారమ్మ, మీటింగైపోయాక వంటావిడ ఇచ్చిన బన్ను ఎడం చేత్తో పుచ్చుకుని, రెండు చేతులున్నప్పుడూ తిన్నది ఒక్క బన్నే కదా అనుకుంటూ పోతుంది.

ఆ పూట హాసిని అన్నం కలిపి తల్లికి ముద్దలు పెడుతుంది.

"అమ్మా, ఇంటికొచ్చీముందు నీ సెయ్యి సుద్దముక్క అడిగింది."

"ఇచ్చావా?"

"ఇచ్చాను. నాకంటే గుండ్రంగా రాస్తంది."

తవిటమ్మ నవ్వు దాచుకోవాలని చూస్తుంది గాని, నోట్లో ముద్ద ఉంది, దాగదు. ఇంత సంతోషం ఆమె ఎప్పుడూ ఎరగదు.

వానలు మొదలవుతాయి. గెడ్డ గట్టు ఒరుసుకుని పారుతోంది. ఒకటో తరగతి నుంచీ అందరూ బడిలో ఉన్నారు. తవిటమ్మ ఎడం చేత్తో నాట్లు వేస్తోంది. లేని వేళ్ళకు సుద్దపొడి తగులుతూనే ఉంది. పక్క మడిలో పోలినాయుడు వంకర వరసలు వేసి, అవే బాగున్నాయంటున్నాడు. గట్టు మీద బంగారమ్మ గొడుగు పట్టుకుని ఇద్దరికీ పనులు చెబుతోంది.

ఉన్నట్టుండి తవిటమ్మ ఖాళీ జాకెట్టు చెయ్యి తడితడిగా పైకి లేస్తుంది. పోలినాయుడి చొక్కా చెయ్యి లేస్తుంది. బంగారమ్మదీ లేస్తుంది. చేలలో కనుచూపు మేర కమిటీ వాళ్ళ ఖాళీ చేతులన్నీ నిటారుగా నిలబడతాయి.

బడిలో మాస్టారేదో అడిగారన్నమాట. ఏమడిగారో ఇక్కడికి వినబడదు. తవిటమ్మ నడుం ఎత్తి నిలబడుతుంది. ఆనాడు నోటిదాకా వచ్చి ఆగిపోయిన జవాబు అక్కడే ఉంది, నాలుక చివర, చెక్కుచెదరకుండా.

వాన ఈసారి తొందరపడదు. చినుకులు ఎక్కడివక్కడ గాలిలో నిలబడిపోతాయి, ఆమె కళ్ళ ఎదుట, భుజాల చుట్టూ, మడి మీద జానెడెత్తున. తవిటమ్మ జవాబు చెప్పేదాకా ఒక్కటీ కింద పడదు.