గేటు దాటిన సీటు

లోకమంతా మనిషిని ముఖం చూసి అంచనా కడుతుంది. నేను ఒక సైకిలు సీటుని కాబట్టి నాకా భాగ్యం లేదు. నా వంతుకు వచ్చింది రెండో వైపు. దానికి నేనేమీ బాధపడను. ముఖానికి లేని నవ్వు పులుముకోవడం తెలుసు, వెనక భాగానికి ఆ విద్య ఇంకా అబ్బలేదు. అందుకే మనుషుల గురించి నాకు తెలిసినంత మీ అద్దాలకు తెలియదు.

పుట్టింది పంజాబులో. దళసరి తోలు నానబెట్టి, అచ్చు మీద బిగలాగి, రివెట్లు కొట్టి, కింద రెండు స్ప్రింగులు తగిలించారు. గోనెసంచిలో ఒంగోలు దాకా వచ్చి జిలానీ సైకిలు షాపులో దిగాను. మొదట నన్ను కొన్నది ఒక లెక్కల మాస్టారు. ఆయన నాకు కుచ్చులున్న వెల్వెట్ తొడుగు వేయించాడు. ఆ అలంకారానికి నేను సిగ్గుపడిపోయాను. పన్నెండేళ్ళు మోయించుకుని స్కూటరు కొనుక్కున్నాడు. నేను మళ్ళీ జిలానీ షాపులో మేకుకు వేలాడాను.

అక్కడికి ఒక ఆదివారం సలోమి వచ్చింది. టంగుటూరు దారిలో ఒక పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగ్ చేసే మనిషి. కూతురికి బడిలో ఇచ్చిన సైకిలు మీద, నలభై ఏళ్ళ వయసులో, మోకాళ్ళు పగలగొట్టుకుని తొక్కడం నేర్చుకుంది. ఊరి నుంచి కంపెనీకి నాలుగు మైళ్ళు. సరిగ్గా ఎనిమిదింటికి గేటు మూసేస్తారు. ఆటో కోసం ఎదురుచూస్తే ఆ రోజుకు పని లేనట్టే.

“ఏందమ్మా, మళ్ళీనా?” అన్నాడు జిలానీ.

“మళ్ళీనే. ఈ నెల్లో రెండో సీటు. మొన్న బెల్లు, అంతకుముందు గాలి పంపు. తాళమేసిన సైకిలు తాళమేసినట్టే ఉంటది, దాని మీదున్నయ్యే ఉండవు. ఇంత దూరం నిలబడి తొక్కుకుంటా వచ్చా.”

జిలానీ నన్ను బిగించి, ఒక చిన్న పానా ఆమె చేతిలో పెట్టాడు. “దిగంగానే దీన్ని ఊడదీసి ఎంటబెట్టుకుపో. అంతకుమించి నాకేం తోచట్లా.”

సలోమి ఆ సలహాను అక్షరాలా పాటించింది. రోజూ గేటు బయట స్టాండులో సైకిలు పెట్టడం, పానాతో బిగువు వదిలించి కడ్డీతో సహా నన్ను పైకి లాగడం, అన్నం క్యారేజీ పక్కన సంచిలో కుక్కడం. కడ్డీ మాత్రం బయటికి పొడుచుకొచ్చి ఊరందరికీ కనబడేది. షెడ్డులో ఆడవాళ్ళకు నేనొక కాలక్షేపం అయిపోయాను. “ఇయ్యాల కూరేందక్కా, సీటు పులుసా?” అని ఒకామె అంటే, “ముక్క బాగా ఉడికిందా?” అని ఇంకొకామె అందుకునేది. సలోమి ఏమీ పట్టించుకోకుండా, కడ్డీని రెండు ఇటుకల సందులో దించి, దర్జాగా నా మీద కూర్చుని ఆకు ఏరేది. తక్కినవాళ్ళు గోనెపట్టాల మీద కూర్చుని నడుములు పట్టుకునేవాళ్ళు. నవ్విన నోళ్ళే సాయంత్రానికి, “అక్కా, కాసేపు నన్ను కూర్చోనీవే” అని బతిమాలేవి.

గేటు దగ్గర వాచ్‌మన్ మాలకొండయ్య ఉండేవాడు. సాయంత్రం బయటికి వెళ్ళే ప్రతి ఆడమనిషీ సంచి తెరవాలి, చేతులు రెండూ పైకెత్తి ఆయన ముందు గుండ్రంగా ఒకసారి తిరగాలి. ఆరేళ్ళుగా అదే తంతు. కంపెనీ ఆకు ఒక్కటి బయటికి పోయినా తన పరువు పోయినట్టేనని ఆయన నమ్మకం. గేటు బయట పోయే సీట్లు, బెల్లులు ఆయన డ్యూటీలోకి రావు.

ఒక సాయంత్రం ఆయనకు బుద్ధి పుట్టి నన్ను తలకిందులు చేశాడు. స్ప్రింగుల మధ్య నలిగిన ఆకు ముక్క కనబడింది. పొగాకుకు జిగురుంటుంది కదా, నేల మీది ముక్క నన్ను అంటిపెట్టుకుంది. దొంగ ఎవరని నన్ను అడిగితే నేనేనని ఒప్పుకునేదాన్ని. నన్నెవరూ అడగలేదు.

“దొరికింది! రోజూ సీటు మోసకపోయేది ఇందుకా?” అని అరిచి మేస్త్రీకి కబురు పంపాడు.

ఆకు దొంగ అని ఒక్కసారి పేరు పడితే ఈ కంపెనీలోనే కాదు, చుట్టుపక్కల ఏ కంపెనీలోనూ గేటు దాటనివ్వరు. సలోమి సంగతి అంతటితో సరి. మేస్త్రీ వచ్చాడు. అరవై మంది ఆడవాళ్ళూ చుట్టూ మూగారు. నాకు నిజంగా భయం వేసింది. నా ఒంటికి అంటిన ముక్క ఆమె నోటి దగ్గర కూడు తీసేస్తోంది, నాకేమో నోరు లేదు.

“నేను దొంగనా? దొంగల భయానికి కదయ్యా దీన్ని మోస్తంది!” అంది సలోమి.

“నా కాపలాలో దొంగలా? నేనుండంగా స్టాండులో పుల్ల కదలదు. అదుగో, నా సైకిలు చూడు. ఆరేళ్ళయింది, తాళం కూడా ఎయ్యను!”

ఆయన చెయ్యి చూపిన వైపు అందరూ తిరిగారు. సైకిలుంది. హ్యాండిలుంది, క్యారియరుంది. సీటుండాల్సిన చోట మాత్రం ఒక గొట్టం నోరు తెరిచి ఆకాశం వైపు చూస్తోంది. అందరూ నన్ను చూస్తున్న ఆ పది నిమిషాల్లోనే పని జరిగిపోయింది. తీసిందెవరో నేను చూశాను. తలకిందులుగా ఉండటం వల్ల గుర్తుపట్టలేకపోయానని చెబుతున్నాను, మీరు నమ్మాలి.

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. మేస్త్రీ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు దగ్గాడు. తర్వాత ఆ ఆకు ముక్కను వేలితో గీరి ఉఫ్ అని ఊదేశాడు. “ఇది ముక్కుపొడుముకి కూడా చాలదు. రేపు పనికి రామ్మా” అన్నాడు.

సలోమి నన్ను చంకలో పెట్టుకుని నాలుగడుగులు వేసి ఆగింది. “యాడికి పోవాలి నువ్వు?”

“కొండపి” అన్నాడు మాలకొండయ్య, నేల చూపులు చూస్తూ.

“ఆ ముసలి మోకాళ్ళతో కొండపి దాకా నిలబడి తొక్కుతావా?” అంటూనే తన పానాతో నన్ను ఆయన సైకిలుకు బిగించేసింది. “నాకైతే అలవాటే. రేపు పొద్దున్నే తీసకరా. గేటు కాడ నీతో పనుంది.”

దారి పొడవునా ఆయన నా మీద ముళ్ళ మీద కూర్చున్నట్టే కూర్చున్నాడు. ఇంటికెళ్ళాక గుడ్డతో తుడిచి, స్ప్రింగులకు కొబ్బరినూనె కూడా రాశాడు.

మర్నాడు ఏడున్నరకే అరవై మందీ గేటు బయట వరసగా నిలబడి ఉన్నారు. మాలకొండయ్య సైకిలు దిగగానే సలోమి నన్ను ఊడదీసి, తలకిందులు చేసి, స్ప్రింగుల్లోకి తొంగిచూసి, వాసన కూడా చూసింది.

“సంచి తెరువు.”

తెరిచాడు. క్యారేజీ, దాని పక్కన బీడీ కట్ట.

“అమ్మో, పొగాకు!” అంది సలోమి, కట్ట పైకెత్తి చూపిస్తూ. “మేస్త్రీని పిలిపించేదా?”

నవ్వులే నవ్వులు. నేనూ స్ప్రింగులు అదిరేలా నవ్వాను.

“చేతులెత్తి ఒకసారి తిరుగు.”

మాలకొండయ్య చేతులెత్తాడు. నెరిసిన తలతో, ఖాకీ చొక్కాతో, అంతమంది ఎదుట మెల్లగా గుండ్రంగా తిరిగాడు. సగం తిరిగేసరికి నవ్వులు ఆగిపోయాయి. అలా తిరగడం ఎలా ఉంటుందో అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. సలోమి బీడీ కట్ట ఆయన జేబులో పెట్టేసి, “పో, డ్యూటీకి టైమైంది” అంది.

ఆ సాయంత్రం గేటు దగ్గర ఆయన సంచులు మాత్రమే చూశాడు. ఎవర్నీ చేతులెత్తమనలేదు.