లుంగీ మడత

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి మా ఊరందరికీ తెలుసు, మా ఆవిడ పోచవ్వకు ఇంకాస్త ఎక్కువ తెలుసు. సౌదీలోని జిజాన్‌కు వచ్చి ఏసీల రిపేరు పనిలో కుదిరాక ఆ కోపాన్ని మడిచి పెట్టె అడుగున పెట్టేశానని అనుకున్నాను. ఒక్క లుంగీ దాన్ని మళ్ళీ బయటికి లాగింది.

ఆ రోజు క్యాంపులో వంట వంతు నాది. ఉడుకుతున్న పప్పు గిన్నె దించుతుంటే మసిగుడ్డ జారి, పప్పంతా నా రెండు తొడల మీద ఒలికింది. పడకూడని చోట పడలేదు, అదే అదృష్టం అని నా గదిలో ఉండే రాముడు, అదే మా జగిత్యాల రాము, జోకు కూడా వేశాడు. నేను మాత్రం చన్నీళ్ళ కింద నిలబడి వాడి వంశాన్నంతా తిట్టాను.

క్లినిక్‌లో డాక్టరు ఈజిప్టు మనిషి. ఆయన అరబీలో చెప్పిందంతా ఊర్మిల అనే నర్సు నాకు తెలుగులో చెప్పింది. విశాఖ వైపు అమ్మాయి.

"పుండు మానేదాకా ప్యాంటు జోలికి పోకండి అన్నయ్యగారూ. లుంగీ ఉంటుంది కదా, అదే కట్టుకోండి. రోజూ వచ్చి కట్టు మార్పించుకోండి."

లుంగీ కట్టుకోవడానికి నాకేం కష్టం? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ కడుతున్నదే. కానీ గదిలో కట్టడం వేరు, రోడ్డు మీదికి కట్టుకుపోవడం వేరు. క్యాంపు గేటు దాటాలంటే ప్యాంటు ఉండాలి. ఆ నియమం పెట్టింది క్యాంపు ఇన్‌ఛార్జి మతీన్ సాబ్. హైదరాబాదు మనిషి. చెమట కారే జిజాన్ ఎండలో కూడా చొక్కా ఇస్త్రీ చెదరనివ్వడు.

"లుంగీల బయటికి పోతవా ఎల్లన్నా? కంపెనీ ఇజ్జత్ ఏంగావాలె భాయ్? క్లినిక్ దాకనే గదా, పాంట్ ఏస్కొని పో."

"ఈడ సౌదోళ్ళు గూడ గట్టుకుంటరు గద సాబ్."

అబద్ధం కాదు. ఈ దక్షిణాన పెద్దవాళ్ళు చాలామంది నడుముకు గళ్ళబట్ట చుట్టుకునే తిరుగుతారు. అది మన లుంగీకి మేనత్త కొడుకులా ఉంటుంది. జిజాన్‌లో దిగిన మొదటి రోజు అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

"వాళ్ళది కల్చర్. మనది లేబర్," అన్నాడు మతీన్ సాబ్, ఫోను చూసుకుంటూ.

ఆ మాట నన్ను పప్పు కంటే ఎక్కువ కాల్చింది. అయినా నోరు మూసుకుని మర్నాడు ప్యాంటు వేసుకునే వెళ్ళాను. నడిచిన కొద్దీ కట్టు జారి, బట్ట పుండుకు అంటుకుంది. క్లినిక్‌లో విప్పేసరికి ప్యాంటుతో పాటు చర్మం కూడా ఊడొచ్చింది. రెండు రోజుల్లో చీము పట్టింది. ఊర్మిల కోప్పడింది.

"ఇంకోసారి ఇలా అయితే పెద్దాసుపత్రికి పంపేస్తారండి. వేరేచోట చర్మం తీసి ఇక్కడ అతకాలి. నెలల తరబడి మంచం మీదే. అంతకాలం మీ కంపెనీ మిమ్మల్ని ఉంచుకుంటుందా?"

ఉంచుకోదు. ఎగ్జిట్ కొట్టి, అంటే వీసా రద్దు చేసి, ఊరికి పంపించేస్తుంది. ఆ మాట ఆవిడ అనలేదు, నేనే అనుకున్నాను. కాళ్ళూ పోయి, పనీ పోయి ఇంటికెళ్తే పోచవ్వ ముఖం ఎలా చూడను? మర్నాడు కట్టు మార్పించుకోవడానికి మతీన్ సాబ్ ముందే లుంగీ కట్టి, అలవాటు కొద్దీ మోకాళ్ళ పైకి మడిచి, గేటు దాటాను. ఆయన వెనకనుంచి ఏదో అన్నాడు. నేను వినిపించుకోలేదు.

ఇక రోడ్డు మొదలైంది. కారులో పోతున్న కుర్రాళ్ళు హారన్ కొట్టి, అద్దం దించి, "వేన్ సిర్వాల్?" అని అరిచారు. ప్యాంటెక్కడ అని. మంగలి షాపు పాకిస్తానీ బయటికొచ్చి మరీ చూశాడు. "భాయ్, బాత్రూమ్ సే సీధా?" అన్నాడు, బాత్రూమ్‌లోంచి నేరుగా ఇటేనా అని. బంగ్లాదేశీలు ఉంటున్నది లుంగీల్లోనే, వాళ్ళు కూడా నవ్వారు! అదే నాకు అర్థం కాలేదు. నేను ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, నవ్వు ముఖంతో, అందరినీ తెలుగులో బూతులు తిట్టుకుంటూ నడిచాను. వాళ్ళు దండం పెడుతున్నాననుకున్నారేమో. కాసేపు హాయిగా ఉండేది. గదికి వచ్చి పడుకుంటే మాత్రం ఒక్కొక్క నవ్వూ మళ్ళీ వినపడేది.

బజారు మలుపులో మల్లెమాలలు అమ్మే ముసలాయన ఒకడుంటాడు. పేరు అబూ యహ్యా. ఆయన నడుముకూ గళ్ళబట్టే. ఒకరోజు నేను పోతుంటే కర్ర ఎత్తి నా కాళ్ళ వైపు చూపిస్తూ గట్టిగా కేకేశాడు. అప్పటికే నా బుర్ర ఉడుకుతోంది. నువ్వు కూడానా, నువ్వు కట్టింది మాత్రం ఏంటి అని రోడ్డు దాటి ఆయన మీదికే పోయాను. దెబ్బలాటకే పోయాను, దాచేదేముంది. దగ్గరికి వెళ్ళేసరికి ఆ తెల్లగడ్డం, ఆ ముడతలు కనపడ్డాయి. నా చేతులు వాటంతటవే నడుముకు పోయి లుంగీ మడత దించేశాయి. మామగారో, ఊరి పెద్దమనిషో ఎదురైతే మనం ఏం చేస్తామో అదే. కొట్టడానికి పోయినవాణ్ణి మర్యాద చేసి నిలబడ్డాను!

ముసలాయన కిందికి దిగిన లుంగీని చూశాడు, నన్ను చూశాడు, పక్కనున్న స్టూలు తట్టాడు. ఒకప్పుడు ఓడరేవులో మనవాళ్ళతో పనిచేసి నేర్చుకున్న హిందీ ఆయనది.

"మోకాలు కప్పు. అంతే. మా దగ్గర మగవాడు మోకాలి పైభాగం చూపించడు. లుంగీ బాగుంది."

ఇంతేనా అనిపించింది. ఆయన కేక వేసింది లుంగీ మీద కాదు, మడత మీద. నా పుండు సంగతి, రోడ్డు మీద నవ్వుల సంగతి వచ్చీరాని హిందీలో చెప్పుకున్నాను. ఆయన మల్లెలు గుచ్చుతూనే విన్నాడు.

"వాళ్ళు నోరు తెరవకముందే నువ్వు సలాం చెప్పు. సలాం చెబితే జవాబు చెప్పి తీరాలి. చెప్పకపోతే పాపం వాడిది."

"నేను హిందువును బాబా."

"నోరుంది కదా?"

మర్నాడు కారు కుర్రాళ్ళు అద్దం దించుతుండగానే, "అస్సలాము అలైకుం!" అని గొంతెత్తి అరిచాను. ముందు సీటు కుర్రాడు తెరిచిన నోరు అలాగే ఉండిపోయి, అందులోంచి "వ అలైకుం సలాం" వచ్చింది. వెనక సీటు వాళ్ళు నన్ను వదిలేసి వాణ్ణి చూసి నవ్వారు. అందరి దగ్గరా పనిచేసిందని చెప్పను. మంగలి పాకిస్తానీ సలాముకు జవాబిచ్చి మళ్ళీ నవ్వాడు. కానీ ఆ వీధిలో నాకు ఊపిరి ఆడింది.

బయటివాళ్ళ పని అలా ఉండగా, దెబ్బ సొంతవాళ్ళ దగ్గర్నుంచి తగిలింది. కంపెనీ బస్సు కిటికీలోంచి రాము నన్ను వీడియో తీశాడు. సముద్రపు గాలికి లుంగీ టపటపా కొట్టుకుంటుంటే నేను కాళ్ళు ఎడం పెట్టి నడుస్తున్నాను. దానికి హుషారైన పాట ఒకటి తగిలించి గల్ఫ్‌లో ఉన్న మా మండలం వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అక్కడినుంచి అది మా ఊరి గ్రూపుకు పోయింది. నవ్వే బొమ్మలు ఒకటే వాన. నా మేనల్లుడు కూడా ఒకటి పెట్టాడు.

రాము గొంతు పట్టుకోవాలనిపించింది. క్యాంపులో చెయ్యి చేసుకుంటే ఎగ్జిటే కాబట్టి పట్టుకోలేదు. ఇక చాలనిపించింది. పుండు కుళ్ళితే కుళ్ళనీ, రేపటినుంచి ప్యాంటే అనుకుని పెట్టెలోంచి తీశాను. అది చేతిలో ఉండగానే పోచవ్వ ఫోను చేసింది. కాలిన సంగతి ఆమెకు చెప్పలేదు నేను. ఎందుకు బెంగ పెట్టడమని.

"ఆ వీడియో జూసిన," అంది.

"నువ్వు గూడ నవ్వుకున్నవా?"

"నవ్వెందుకొస్తదయ్యా? కాళ్ళు ఎడం బెట్టి నడుస్తున్నవ్. ఏమైంది నీకు?"

అంతమంది చూశారు, అందరికీ లుంగీయే కనపడింది. ఆమె ఒక్కదానికి నా నడక కనపడింది. ప్యాంటు మంచం మీద పడేసి, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ మొత్తం చెప్పేశాను.

"ఆ పాంటు పొయ్యిల బెట్టు," అని ఫోను పెట్టేసింది. కాసేపటికి ఊరి గ్రూపులో ఆమె గొంతు మోగింది. ఎవరో దాన్ని మా గల్ఫ్ గ్రూపులో కూడా వేశారు.

"నవ్వినోళ్ళందరు ఇనుండ్రి. మా ఆయనకు తొడలు గాలినయ్. గందుకే లుంగీ గట్టిండు. గింత మంది నవ్విండ్రు, ఒక్కలన్న ఏమైందే అని అడిగిండ్రా? నీ నోరు పడిపోను, ఆ పాట వెట్టినోడెవ్వడ్రా?"

పాట పెట్టినవాడు నా పక్క మంచం మీదే ఉన్నాడు. లేచి వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"నీ పుండు సంగతి నాకు ఎర్కనే గదన్నా. అయిన నవ్వొచ్చింది. ఎందుకొచ్చిందో తెల్వదు."

వాడు అబద్ధం ఆడలేదు. అదొక్కటే వాణ్ణి కాపాడింది. "అస్సలాము అలైకుం రా రాము," అన్నాను. వాడికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ప్యాంటు మడిచి తనే నా పెట్టెలో పెట్టాడు.

మర్నాడు గేటు దగ్గర మతీన్ సాబ్ నా నడక వైపు చూశాడు. ఆయన కూడా ఆ గొంతు విన్నట్టున్నాడు.

"కంపెనీ బండిల పో," అన్నాడు మెల్లగా.

"వద్దు సాబ్. నడిచే పోత."

పుండ్లు మానడానికి చాలా రోజులు పట్టింది. ఆఖరి కట్టు విప్పి, "ఇక ప్యాంటు వేసుకోవచ్చండి," అని ఊర్మిల నవ్వింది. ఆ శుక్రవారం ప్యాంటు వేసి, దువ్వుకుని బజారుకు బయల్దేరాను. ఒక్కడు తలతిప్పి చూస్తే ఒట్టు. మల్లెమాలల దగ్గర ఆగాను. ముసలాయన తలెత్తి, ఎవరో కొనడానికి వచ్చారనుకుని మాల ఒకటి ఎత్తి చూపించాడు. నా చేతులు అలవాటుగా నడుముకు పోయాయి. దించడానికి ఏమీ లేదు. ఆ చేతులు చూసి గుర్తుపట్టాడు.

"వేన్ లుంగీ?" అని వీధంతా వినపడేలా అరిచాడు. లుంగీ ఎక్కడ అని.

నేను వెనక్కి తిరిగాను. గదికి వెళ్ళి ప్యాంటు విప్పి లుంగీ కట్టాను. గేటు దగ్గర మతీన్ సాబ్ అడ్డం వచ్చాడు.

"పుండ్లు మానినయి గదా ఎల్లన్నా?"

"మానినయి సాబ్," అన్నాను. లుంగీ మోకాళ్ళ కిందికి సర్దుకుని, ఆయనకు సలాం చెప్పి, బజారు వైపు నడిచాను.