సగం వరకే చదివిన వీరనారులు

“పుస్తకం ఎక్కడికీ పారిపోదు గానీ, ముందు ఆ పొయ్యి సంగతి చూడు,” అంది అత్తగారు. కోడలు ఒక చేత్తో గరిటె తిప్పుతూ ఇంకో చేత్తో నవల పట్టుకుని ఉంది. నవల్లో పదహారేళ్ళ పిల్ల అప్పుడే ఇల్లొదిలి, డ్రాగన్ మెడ మీదికెక్కి కొండలు దాటబోతోంది. లైబ్రేరియన్ అయ్యుండీ ఆమె పేజీ మూల మడిచేసి, మంట తగ్గించింది.

స్కూల్ లైబ్రరీకి సోమవారం కొత్త పుస్తకాలొస్తాయి. గురువారం పొద్దున్నే ఆమె ఆడపిల్లల కోసం ఒక జాబితా రాసి బోర్డుకి గుచ్చాలి. కత్తి పట్టిన అమ్మాయిలు, మంత్రాలు నేర్చిన అమ్మాయిలు, రాజుల్ని ఎదిరించిన అమ్మాయిలు, వారానికి ఐదుగురు. మూడు రోజుల్లో ఐదు నవలలు చదవడానికి ఆమెకి దొరికేవి కూర ఉడికేలోపు, బట్టలు ఆరేసేలోపు మిగిలిన చిల్లర నిమిషాలు. అందుకే ప్రతి నవలా కథానాయిక గడప దాటే దాకా చదివేది, మిగిలింది ఊహించి రాసేసేది. “నలభై రెండేళ్ళొచ్చాక ఈ డ్రాగన్ల పిచ్చేంటి? పరీక్ష రాస్తావా ఏంటి?” అని నవ్వేవాడు భర్త. కనీసం ఆ డ్రాగన్ ఏమైందని అడిగినా బాగుండేదని ఆమెకి అనిపించేది. ఆ ఇంట్లో ఆమెతో మాటలంటే చొక్కా ఎక్కడ, ఉప్పు తక్కువైంది, అంతే.

అడిగేది ఒక్కతే, తొమ్మిదో తరగతి రెండు జడల పిల్ల. ఎవరితోనూ కలవదు. భోజనం బెల్లు కొట్టగానే వచ్చి బల్ల అవతల కూర్చుంటే ఆమెకి ప్రాణం లేచొచ్చేది. ఆ సోమవారం మాత్రం కూర్చోకుండా, డ్రాగన్ నవల బల్ల మీద పెట్టింది.

“మేడమ్, ‘ఈ అమ్మాయి ఎవరికీ తలవంచదు’ అని రాశారు కదా. చివరికి కత్తి యువరాజు చేతికిచ్చేసి, కోటలో అతిథులకి వడ్డిస్తుంది. మీరు చదవలేదా?”

మర్చిపోయానని అనేయొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. “సగమే చదివాను,” అంది.

“మరి మిగతావి?”

“అన్నీ సగమే.”

“అంటే రోజూ నాతో మాట్లాడినవన్నీ ఊరికేనా?”

ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఇంట్లో ఎన్ని మాటలు పడ్డా ఇంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు. మంగళవారం ఆ పిల్ల రాలేదు, బుధవారం రాలేదు. ఆమె అన్నం డబ్బా తెరిచి, రెండు ముద్దలు తిని మూతపెట్టేసింది. ఏడుపు తన్నుకొచ్చింది. పద్నాలుగేళ్ళ పిల్ల అలిగితే తన రోజంతా ఖాళీ అయిపోయిందంటే, తనకి ఎవరున్నట్టు?

గురువారం బోర్డు మీద పాత జాబితా పీకేసి ఇంకో కాగితం గుచ్చింది. “ఈ వారం జాబితా లేదు. మేడమ్ చదువుతున్నారు.”

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, ముందు గదిలో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని నవల తెరిచింది. ఆ పిల్ల చెప్పిన ముగింపు తన కళ్ళతో చూడాలి. కత్తి ఇచ్చేసేటప్పుడు ఆ కథానాయిక చెయ్యి వణికిందో లేదో తెలుసుకోవాలి. ఎవరూ అడగకపోయినా సరే. వంటింట్లో లైటు వెలగలేదు. కాసేపటికి భర్త వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఏంటలా కూర్చున్నావ్? ఒంట్లో బాలేదా?”

“బానే ఉంది.”

అతను నమ్మలేదు. ఆ ఇంట్లో జ్వరమొస్తే తప్ప ఆమె కూర్చోగా చూసినవాళ్ళు లేరు. తల్లిని కేకేశాడు. అత్తగారు నిజంగానే కంగారుపడుతూ వచ్చి కోడలి నుదుటి మీద చెయ్యి పెట్టింది. అరచెయ్యి అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

“ఒళ్ళు చల్లగానే ఉందిరా,” అంది కొడుకుతో, ఏం చెయ్యాలో తోచక.

“జ్వరం లేదత్తయ్యా,” అంది ఆమె, పేజీలోంచి తలెత్తకుండా. “ఇంకా తొంభై పేజీలున్నాయి. ఈ పూట వంట మీరు కానివ్వండి.”