కదలకూడని ఒడి

ఒళ్ళమ్మ కుర్చీలో జారగిలబడి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కళ్ళు మూసుకుంది. పసివాళ్ళకు మాటలు ఏమాత్రం అర్థమవుతున్నాయో పరీక్షించే డాక్టరమ్మ దగ్గర పదకొండేళ్ళుగా ఆమె ఉద్యోగం ఇదే: పరీక్షప్పుడు పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం, కదలకపోవడం. పేరు కూడా అలాగే వచ్చింది. ఎదురుగా రెండు తెరలు. ఒకదాంట్లో కుక్క పిల్లిని తోస్తుంది, రెండోదాంట్లో పిల్లి కుక్కను. “పిల్లిని కుక్క తోసింది” అని గొంతు వినబడుతుంది. నోట నాలుగు మాటలు రాని పసివాళ్ళు కూడా ఎవరు ఎవరిని తోశారో ఇట్టే పట్టేసి ఆ తెరకేసి చూస్తారు. పెద్దవాళ్ళ మోకాలు వాలినా బిడ్డ అటే చూస్తుందని ఆమెకు మాట వినబడకుండా హెడ్‌ఫోన్లలో పాటలు పెడతారు.

“కుర్చీకి జీతమిస్తున్నారు” అని ఇంట్లో తనే నవ్వేది.

ఈరోజు ఒళ్ళో ఉన్నది సొంత మనవరాలు. మూడేళ్ళు నిండాయి. “అన్నకివ్వు” అన్నా, “అన్న దగ్గర తీసుకో” అన్నా ఒకేలా తెల్లమొహం వేస్తుంది. మాటలు నేర్పే తరగతిలో ఉచితంగా ఒకే ఒక్క సీటుంది; ఈ పరీక్షను బట్టే ఇస్తారట. సీటన్నాక నెగ్గినవాళ్ళకే కదా! ఓడినవాళ్ళను పిలిచి కుర్చీ వేసేదెవరు? ఒళ్ళమ్మ కళ్ళు ఓరగా తెరిచింది. హెడ్‌ఫోను కాస్త జరిపి, మాట వినగానే మోకాలు అటు వాల్చింది. పన్నెండుసార్లు.

డాక్టరమ్మ సంబరంగా వచ్చింది. “పన్నెండుకు పన్నెండు! మీ పిల్లకి అన్నీ అర్థమవుతున్నాయి, మాటలు వాటంతటవే వస్తాయిలే. అందుకని సీటు పొద్దున వచ్చిన పాపకి ఇచ్చేశాం. పాపం, దానికి ఒక్కటీ తెలియలేదు.”

ఒళ్ళమ్మ హెడ్‌ఫోన్లు తీసేసింది. గుమ్మంలో నిలబడ్డ కూతురు, పిల్ల తల్లి, ఆమె వంక చూసింది.

“నేనే తిప్పానమ్మా, మోకాలితో. దానికేం తెలీదు” అంది ఒళ్ళమ్మ డాక్టరమ్మతో.

“ఎన్నాళ్ళనుంచి తిప్పుతున్నావ్?”

“ఒట్టమ్మా, ఈ ఒక్కసారే.”

“ఎలా నమ్మను? పదకొండేళ్ళ పరీక్షల కాగితాలు చెత్తబుట్టలో పడెయ్యాలి నేను.” డాక్టరమ్మ తలుపు వైపు చూపించింది. “నువ్వింక రావద్దు.”

“రానులెండి. దానికి మళ్ళీ పెట్టండి పరీక్ష.”

“ఈ బొమ్మలు ఒకసారి చూసేసింది, వెంటనే పెడితే లెక్కకు రాదు. ఏడాది ఆగాలి. సీటు మాత్రం పోయినట్టే.”

చేతులారా మనవరాలి నోట్లో మన్ను కొట్టాను కదా అనుకుంది ఒళ్ళమ్మ. పిల్లను చంకనేసుకుని బయటికి నడిచింది. కూతురు నాలుగడుగుల దూరంలో నడిచింది.

కాసేపటికి ఇంకో తల్లి బిడ్డతో వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. ఆమె కాలికేదో తగిలింది. మోకాళ్ళు కదలకుండా ఉండాలని ఒళ్ళమ్మ ఇంటినుంచి తెచ్చి వేసుకున్న చిన్న చెక్కపీట, రెండు పాదాల మేర అరిగిపోయి, కుర్చీ కిందే ఉంది.