ఆరు రంగుల లాప్‌టాప్

"ఫోన్లన్నీ బుట్టలో వేయండి. చేతికి కట్టుకున్నవి కూడా. ఎవరైనా 'ఒక్క మెసేజ్ సార్' అన్నారో, ఆ మెసేజ్ నేనే పంపిస్తాను. కింద నా సంతకంతో!"

జల్లెడ ప్లాస్టిక్ బుట్టను బల్ల చుట్టూ తిప్పాడు. మా కంపెనీ భద్రత చూసే అధికారి ఆయన. ఏ విషయమైనా ఆయన చేతుల్లో పడితే నూక వేరు, రాయి వేరు అయిపోతుందని ఆ పేరు పెట్టారు. నా వంతు రాగానే ఫోన్ వేశాను. అది పడిన చప్పుడు వినిపించింది కానీ, చెయ్యి వదిలినట్టు మాత్రం నాకు తెలియలేదు.

పొద్దుటి నుంచీ అలాగే ఉంది. అన్నీ వినిపిస్తున్నాయి, ఏదీ తగలడం లేదు.

మూడో అంతస్తులో మీటింగ్ గది. కిటికీ తెరలు దించేశారు. బల్ల చుట్టూ నలుగురం: డైరెక్టర్, ఫ్యాక్టరీ మేనేజర్, కొత్త మోడల్‌ని వేదికెక్కి ప్రకటించాల్సిన నేను, రంగుల గదిలో పనిచేసే డబ్బా. ఎప్పుడు చూసినా చేతిలో రంగు డబ్బా ఉంటుందని అతనికి ఆ పేరు. పేరుకే డబ్బా, పాపం, సొంత డబ్బా కొట్టుకోవడం చేతకాదు. రాబోయే లాప్‌టాప్ ధర తెలిసినవాళ్ళం మేం నలుగురమే. ధర యాభై వేల లోపుకి దించాలంటే మూతకి మూడు పూతల బదులు రెండే వేయాలి. అది కుదురుతుందో లేదో చెప్పడానికి డబ్బాని ధరల మీటింగ్‌కి పిలిచింది నేనే.

"ఇంకోసారి చూద్దాం," అని జల్లెడ గోడ మీద వీడియో నడిపించాడు.

కోతి టోపీ, నల్లకళ్ళద్దాలు, మార్చిన గొంతు. ముసుగు మామ. రాబోయే లాప్‌టాప్‌ల ధరలు, హంగులు ముందే ఊహించి చెప్పే ఛానెల్ అతనిది. పదిసార్లు చెబితే ఏడు తప్పేవి. మేమంతా టీ తాగుతూ చూసి నవ్వుకునేవాళ్ళం.

"అల్లుళ్ళూ, కోడళ్ళూ! మామ వచ్చేశాడు. ఈసారి ఊహ కాదు, లోపలి కబురు. తెర పద్నాలుగు అంగుళాలు. మూత పూర్తిగా వెనక్కి వాలిపోతుంది, పెళ్ళి భోజనం చేసిన మా తోడల్లుడిలాగా! ఛార్జర్ ఇంట్లో మరిచిపోయినా పొద్దుగూకేదాకా నడుస్తుంది. ధరెంతో తెలుసా? కుర్చీ గట్టిగా పట్టుకోండి. యాభై వేలకి పది తక్కువ! ఇక అసలు ముక్క. ఇది ఎవరికీ తెలీదు. ఆరు రంగుల్లో వస్తోంది. ఆరు! ఇంద్రధనుస్సుకి ఒక్కటే తక్కువ."

జల్లెడ ఆపేశాడు.

"తెర నిజం. మూత నిజం. బ్యాటరీ నిజం. ధర అక్షరాలా నిజం. మధ్యాహ్నం కాకముందే అవతలి కంపెనీవాళ్ళు తమ ధర మనకన్నా కిందికి దించేశారు. డీలర్లు ఆర్డర్లు ఆపమంటున్నారు. వచ్చే వారం వేదికెక్కి మేడమ్‌గారు ప్రకటించాల్సింది ఇంకేం మిగల్లేదు, దండం పెట్టి దిగిపోవడం తప్ప."

ఎవరూ నవ్వలేదు.

"ఒక్కటే అబద్ధం. రంగులు. మన మోడల్‌కి ఎన్ని రంగులు?"

"రెండే," అన్నాడు మేనేజర్. "బూడిద, నలుపు."

"మరి ఆరెందుకన్నారు? ఇక్కడే దొరికాడు దొంగ." జల్లెడ బల్ల మీదికి వంగాడు. "తన మీదికి రాకుండా ఒక అబద్ధం కలిపి పంపాడు. కానీ ఎవడైనా అబద్ధం తనకి తెలిసిన సరుకుతోనే ఆడతాడు. వంటవాడైతే ఉప్పుతో ఆడతాడు. రంగులవాడు..."

అందరి తలలూ డబ్బా వైపు తిరిగాయి.

"నేనా?" డబ్బా లేచి నిలబడ్డాడు. గోళ్ళ చివర బూడిదరంగు ఇంకా అంటుకునే ఉంది. "సార్, నాకు రంగు వేయడం వచ్చుగానీ మాటలకి రంగులు పూయడం రాదు సార్!"

"ఆ ఛానెల్ చూస్తావా, చూడవా?"

"చూస్తాను. మీరూ చూస్తారు. డైరెక్టర్‌గారు కూడా..."

"నా సంగతి వదిలెయ్," అన్నాడు డైరెక్టర్.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు," అన్నాడు జల్లెడ. "నేను ఈశ్వరుణ్ణి కాదు కాబట్టి పట్టేస్తాను. సాయంత్రానికి నువ్వు ఒప్పుకుంటే ఉద్యోగంతో పోతుంది. ఒప్పుకోకపోతే పోలీసులొస్తారు. ఏదైనా సరే, ఇకమీదట ఏ కంపెనీ గేటూ నీకోసం తెరుచుకోదు."

డబ్బా నా వైపు తిరిగాడు. ఈ ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ నన్ను అక్కా అనే పిలుస్తాడు.

"అక్కా, నువ్వు చెప్పు. ఆరు రంగులెక్కడివి? ఉన్న రెండూ ఆ వానలకి ఆరక చచ్చాను. ఆ రోజు ఫోన్ చేసి ఏడిస్తే నువ్వే కదా ధైర్యం చెప్పావు?"

ఆరక.

ఆ మాట దగ్గర నా చెవులు ఆగిపోయాయి.

ఆ రోజు వంటింట్లో ఉన్నాను. పొగ పోవడానికి పెట్టిన ఫ్యాను గరగరలాడుతోంది. ఫోన్ భుజానికీ చెంపకీ మధ్య ఇరికించుకుని, చపాతీపిండి చేత్తో పట్టుకుని, గట్టిగా అరిచాను: "రంగులు ఆరితే చాలు తమ్ముడూ! రంగులు ఆరితే చాలు. మిగతాది రేపు చూసుకుందాం."

ఆరితే చాలు. మధ్యలో ఫ్యాను చప్పుడు, ఒక గోడ, తెరిచీ తెరవని ఒక తలుపు పెట్టి చూడండి. 'ఆరైతే చాలు.'

ఆఫీసులో ఈ పొరపాటు ఎవరూ చేయరు. రంగులు రెండేనని అందరికీ తెలుసు. ఇది అబద్ధం కాదు. సగం మాట విని, మిగతా సగం ఊహించుకున్నవాళ్ళ తప్పు. ఆ సగం మాట వినపడేంత దూరంలో ఉన్నది ఒక్కరే.

"మేడమ్?" అన్నాడు జల్లెడ. "చెప్పండి."

"మందు వేసుకోవాలి," అన్నాను. "ఇంటికెళ్ళి వస్తాను."

"వెళ్ళి రండి. మీ మీద ఎవరికీ అనుమానం లేదు. మీ వేదిక మీరే కూల్చుకుంటారా?"

తలుపు దాటుతుంటే డబ్బా అడిగాడు. "వస్తావు కదక్కా?"

తలూపాను.

మా ఇల్లు ఆఫీసు వెనక వీధిలోనే. నడిచాను. చెప్పు తెగిందని మెట్ల దగ్గరికి వచ్చేదాకా తెలియలేదు.

మా ఆయన హాల్లో సోఫా మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఒళ్ళో పాత లాప్‌టాప్ పెట్టుకుని ఉన్నాడు. లాప్‌టాప్‌ల షోరూమ్‌లో అమ్మకాలు చూసేవాడు. అది మూసేశాక ఇంట్లోనే ఉంటున్నాడు. ఒకప్పుడు లోపలికి వచ్చిన మనిషి నడకని బట్టి ఏ మోడల్ కొంటాడో చెప్పేసేవాడు. ఇప్పుడు కూర కొనడానికి కూడా నన్ను అడిగి వెళ్తాడు.

"ఇప్పుడొచ్చావేంటి? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది." గ్లాసుతో నీళ్ళు తీసుకున్నాను. "ఆఫీసులో గొడవగా ఉంది."

"చూశాను. ముసుగు మామ పేల్చేశాడుగా! మీవాళ్ళ మొహాలు ఎలా ఉన్నాయి?"

"ధర తెలిసిపోయింది. ఇక దాచడానికేముంది, నువ్వే చెప్పు. నువ్వు షోరూమ్‌లో ఉంటే మా కొత్తదాంట్లో ఏ రంగు ఎక్కువ పోతుందంటావు?"

అతని మొహంలో పాత వెలుగొచ్చింది. లాప్‌టాప్ పక్కన పెట్టాడు.

"ఆరు రంగులిస్తే జనం తికమకపడతారే. మూడు చాలు. నీలం ముందు పోతుంది. మీవాళ్ళు ఆరెందుకు పెట్టారో గానీ..."

"ఆరని వీడియోలో విన్నావా?"

"వీడియోలోనా? నువ్వే కదా ఆ రోజు..." అని ఆగిపోయాడు.

గ్లాసు బల్ల మీద పెట్టాను. ఫ్యాను తిరుగుతోంది.

"ఆ రోజు నేను రంగులు ఆరితే చాలన్నాను," అన్నాను. "తడి ఆరితే. ఆరు కాదు."

అతను పెదవులు కదిపి, ఆ రెండు మాటలూ లోపల పలికి చూసుకున్నాడు. తర్వాత నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"మరి ధర?" అన్నాను.

"అద్దం ముందు నిలబడి ప్రాక్టీస్ చేసేదానివి కదా, వేదిక మీద చెప్పబోయేదంతా. తలుపు వేసుకున్నా వినిపిస్తుంది. గోడలకి చెవులుంటాయంటారు. చెవులు గోడకి కాదు, గోడ అవతల ఊరికే కూర్చున్నవాడికి ఉంటాయి."

"ముసుగు మామ డబ్బిచ్చాడా?"

"ఛ! పైసా కూడా తీసుకోలేదు." నిజంగానే నొచ్చుకున్నాడు. లాప్‌టాప్ నా వైపు తిప్పాడు. ముసుగు మామ గుంపులో వందలమంది రాసుకుంటున్నారు. 'గురువుగారు చెప్పారంటే తిరుగులేదు.' 'గురువుగారికి వంద దండాలు.' 'గురువుగారూ, నేను ఇప్పుడు కొనాలా, ఆగాలా?' ఆ గురువుగారు మా ఆయనే. అందరికీ ఓపికగా జవాబులిచ్చాడు. ఒక్కడికి మాత్రం, 'మీ అమ్మాయి చదువుకయితే ఇది వద్దు బాబూ, బరువెక్కువ' అని రాశాడు. మంచి సలహానే.

"ఈ ఇంట్లో నన్ను ఎవరైనా ఏదైనా అడిగి ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

నాకు జవాబు తెలుసు.

"నేరం ఎవరి మీద పడింది?" అని అడిగాడు.

"డబ్బా మీద."

"చిన్నవాడు. చేతిలో పని ఉంది. ఇంకెక్కడైనా దొరుకుతుంది."

"గేటు కూడా దాటనివ్వరు."

"మరి నేను? నువ్వు?" ఈసారి గొంతు తగ్గింది. "నువ్వు నా పేరు చెబితే నీ ఉద్యోగం కూడా పోతుందే. ఇంట్లో అంత గట్టిగా మాట్లాడింది నువ్వే అంటారు. ఇద్దరం ఈ సోఫా మీదే కూర్చోవాలి. చెప్పకు. ఈ ఒక్కసారికి."

అతని మీద కోపం వస్తుందని ఎదురుచూశాను. జాలైనా వస్తుందనుకున్నాను. ఏదీ రాలేదు. పొయ్యి మీద గిన్నె మూత పక్కకి జరిగి ఉంటే సరిచేసి పెట్టాను.

"వేరే చెప్పులున్నాయా?" అన్నాను.

అతనే లేచి వెతికి తెచ్చి, నా కాళ్ళ ముందు పెట్టాడు.

మీటింగ్ గదికి తిరిగి వచ్చేసరికి డబ్బా ముందు ఒక కాగితం ఉంది. చేతిలో కలం. కంటి కింద గోరుతో తుడుచుకున్నాడేమో, అక్కడ సన్నటి బూడిదచార అంటుకుంది.

"ఒప్పుకుంటున్నాడు," అన్నాడు జల్లెడ. "తెలివైనవాడు."

"ఒప్పుకోవడం లేదక్కా," అన్నాడు డబ్బా, నా వైపు చూడకుండా. "పోలీసులొస్తే అమ్మ తట్టుకోలేదు. అందుకని సంతకం పెడుతున్నాను."

"కలం కింద పెట్టు తమ్ముడూ."

గొంతు నాదే. ఎవరో పక్కగదిలోంచి మాట్లాడినట్టు వినిపించింది.

"మేడమ్," అన్నాడు డైరెక్టర్ మెల్లగా, "మీకు వేదిక ఉంది. ఆలోచించి మాట్లాడండి."

"ఆరు అబద్ధం కాదు సార్. ఎవరూ కావాలని కలపలేదు. నేను ఇంట్లో ఫోన్లో 'రంగులు ఆరితే చాలు' అన్నాను. అవతలి గదిలో అది 'ఆరైతే చాలు' అని వినిపించింది. ధర కూడా నా నోటి నుంచే వెళ్ళింది, అద్దం ముందు. డబ్బాకి ఇందులో ఏ సంబంధమూ లేదు."

జల్లెడ మొదటిసారి కుర్చీ వెనక్కి ఆనుకున్నాడు.

"ఇంటిదొంగ అన్నాను," అన్నాడు. "నేనన్నది కంపెనీ ఇల్లు."

"మా ఇల్లే."

డబ్బా కలం కింద పెట్టిన చప్పుడు వినిపించింది. నా అరచేతులు బల్ల మీద ఉన్నాయి. బల్ల చల్లగా ఉంది. పొద్దుటి నుంచీ నాకు తగిలింది అదొక్కటే.

"వినిపించింది ఎవరికి మేడమ్?" అన్నాడు జల్లెడ. "ముసుగు మామకి కబురు పంపిందెవరు?"

"మా ఆయన," అన్నాను.