రెండో తాళంచెవి

"ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు కదా, నీకు తాళంచెవి దేనికి?" అన్నారు మా ఆయన, పన్నెండేళ్ళ కిందట, ఈ ఊళ్ళో మాకు ఇల్లు చేతికొచ్చిన రోజున. రెండు తాళంచెవులిచ్చారు. ఒకటి ఆయన జేబులోకి వెళ్ళింది, రెండోది అత్తయ్య దిండు కిందికి. అప్పటినుంచీ మా ఇంటి బెల్లు నేను కొడుతూనే ఉన్నాను.

ఆ బుధవారం సాయంత్రమూ అంతే. వాన పడుతోంది. రెండు చేతులా కూరగాయల సంచులు, మోచేత్తో బెల్లు. లోపల ఆయన ఫోన్లో ఎవరితోనో నవ్వుతున్నారు. "వచ్చినట్టుందిరా, తియ్యి," అంటోంది అత్తయ్య. "ఉండమ్మా, తీస్తా." ఆ 'తీస్తా'కి, తలుపు తెరుచుకోడానికి మధ్య ఎంతసేపు పడుతుందో నా వేళ్ళకి తెలుసు. సంచుల పిడులు కోసుకుపోయి వేళ్ళు ముందు ఎర్రబడతాయి, తర్వాత తెల్లబడతాయి. తలుపు తీస్తూనే ఆయన, "ఇంత ఆలస్యమేంటి?" అన్నారు. వర్షంలో తడుస్తూ ఆ మాట విని నవ్వాలో ఏడవాలో తెలియక, ఎప్పటిలాగే టీ పెట్టడానికి వంటింట్లోకి నడిచాను. నా భుజాన వేలాడే సంచిలో అప్పుడు తొమ్మిది ఇళ్ళ తాళంచెవులున్నాయి. ఒక్కటీ నాది కాదు.

నా ఉద్యోగమే అది. యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళకి ఈ దేశంలో ఇల్లు అప్పజెప్పడం. నేనూ అలా వచ్చినదాన్నే, వాళ్ళ భాష నాదీ కాబట్టి శరణార్థుల కేంద్రంవాళ్ళు నన్ను పెట్టుకున్నారు. పొయ్యి ఎలా వెలిగించాలి, వేడినీళ్ళ కుళాయి ఏది, పొగ వస్తే మోగే గంట ఎక్కడుంది, చెత్త ఏ వారం బయట పెట్టాలి, ఇవన్నీ చూపిస్తాను. చివరికి తాళంచెవులిచ్చి, కాగితం మీద సంతకాలు పెట్టించుకుంటాను. పొయ్యి దగ్గర కొందరు ఆడవాళ్ళు నా చెయ్యి పట్టుకుని వదలరు. నెలల తరబడి గుడారాల్లో వండినవాళ్ళు. ఆ పట్టు కోసమే ఈ ఉద్యోగంలో ఇన్నేళ్ళు ఉన్నానేమో.

ఆ బుధవారం పొద్దున ఆఫీసులో పెద్దమేడం నా బల్ల మీద ఒక కాగితం పెట్టింది. తొందరమ్మ గురించి. ఆ పేరు మేం పెట్టుకున్నది. మొదటి రోజు కేంద్రానికి వచ్చినప్పుడు, కూర్చోమనే లోపలే "పని ఎప్పుడిస్తారక్కా?" అని అడిగింది. చంకలో ఎనిమిది నెలల పాప. వృద్ధులను చూసుకునే పని నేర్పే క్లాసులో సీటు ఇప్పించాం. పాపను చూసుకోడానికి అక్కడే గది, ఆయా ఉన్నారు. క్లాసు పూర్తయితే ఉద్యోగం ఖాయం. అలాంటిది, ఒక్కరోజు వచ్చి మూడు రోజులు ఎగ్గొట్టింది.

"శుక్రవారం మధ్యాహ్నంలోపు కారణం రాసివ్వు. లేదంటే సీటు తర్వాతి ఆవిడకి వెళ్ళిపోతుంది," అంది పెద్దమేడం. "కారణమేం లేకపోతే 'ఆసక్తి లేదు' అన్నచోట టిక్కు పెట్టెయ్. మళ్ళీ ఏడాది దాకా ఆవిణ్ణి పిలవరు, అంతే."

అంతే, అంది. ఏడాది.

గురువారం పొద్దున్నే వెళ్ళాను. మూడో అంతస్తు. తలుపు కొడితే ఒక్క క్షణంలో తీసింది, తలుపు వెనకే కాచుకుని ఉన్నట్టు. నన్ను లోపలికి లాగి, తలుపు మూతపడకుండా చెప్పు అడ్డం పెట్టింది. అలవాటైపోయిన చేయి చేసిన పని అది.

"క్లాసుకి ఎందుకు రావట్లేదు? నచ్చలేదా?"

"నచ్చకపోవడమేంటక్కా! నేర్పేవాడు తన కాలికి కట్టు కట్టించుకుని చూపించాడు. నేను కట్టింది బాగుందన్నాడు." ముఖం ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. "ఆ రోజు మధ్యాహ్నానికే తిరిగొచ్చేశాను. తలుపు దానంతటదే తాళం పడిపోయింది కదా. ఆయన రాత్రి ఏడు దాటితే గానీ రారు. మెట్ల మీద కూర్చున్నాం నేనూ పాపా. గచ్చు మంచుగడ్డలా ఉంది. కింది ఇంటి ముసలావిడకి నా మాట రాదు, నాకు ఆవిడ మాట రాదు. ఒక దిండు తెచ్చి పాప కింద పెట్టి, తనూ నా పక్కన మెట్టు మీద కూర్చుంది. పాపం, మోకాళ్ళ నొప్పులు ఆవిడకి. ఏడింటిదాకా కూర్చుంది."

"నీ తాళంచెవి ఏది మరి?"

"రెండూ ఆయన దగ్గరే ఉన్నాయి. 'పోగొడితే మళ్ళీ ఇవ్వరు, తాళం మొత్తం మార్చాలి, నా దగ్గరే భద్రం' అంటారు."

ఆ మాట నేను ఎక్కడో విన్నాననిపించింది. విన్నది కాదు, అన్నది. ఈ గదిలోనే, ఈ కిటికీ పక్కనే నిలబడి, కవరులోంచి రెండు తాళంచెవులూ తీసి ఆవిడ భర్త అరచేతిలో పెట్టి, "జాగ్రత్త తమ్ముడూ, పోతే మళ్ళీ ఇవ్వరు, మీ దగ్గరే భద్రంగా ఉంచుకోండి," అన్నది నేనే. అప్పుడు ఆవిడ నా వెనక పాపనెత్తుకుని నిలబడి ఉంది. సంచిలోంచి వాళ్ళ ఫైలు తీశాను. అప్పగింత కాగితంలో అడుగున రెండు గడులు: ఒకటో తాళంచెవి అందుకున్నవారు, రెండో తాళంచెవి అందుకున్నవారు. రెండింట్లోనూ ఒకటే సంతకం. కాగితాన్ని తయారుచేసినవాళ్ళకి బుద్ధి ఉంది, రెండు గడులు పెట్టారు. తొమ్మిదేళ్ళుగా ఏ ఇంట్లోనైనా రెండో గడిలో నేను ఆడమనిషి చేత సంతకం పెట్టించానా అని ఆలోచించాను. ఇంటి పెద్దకి ఇవ్వడం మర్యాద అనుకున్నాను. నాకు అలా జరిగింది కాబట్టి, ఇల్లు చేతికి రావడమంటే అలాగే ఉంటుందనుకున్నాను.

"ఏం చేస్తారక్కా? టిక్కు పెట్టేస్తారా?" అంది తొందరమ్మ. పాపను గట్టిగా పట్టుకుంది. కాగితాల సంగతి ఆవిడకి బాగా తెలుసు. వాళ్ళ ఊళ్ళో ఒక కాగితం మీద పేరు లేకనే వాళ్ళ నాన్న సరిహద్దు అవతల ఉండిపోయాడు.

"ఇంకా ఏమీ పెట్టలేదు," అన్నాను.

భోజనాల వేళకి వాళ్ళాయన పనిచేసే గోదాము గేటు దగ్గర నిలబడ్డాను. డబ్బా పట్టుకుని బయటికొచ్చి నన్ను చూసి కంగారుపడ్డాడు.

"పాపకేమైనా..."

"పాప బాగానే ఉంది. రెండో తాళంచెవి కావాలి, తమ్ముడూ."

"మీరే కదక్కా నా దగ్గరుంచుకోమంది?"

"నేనే. తప్పు చెప్పాను."

అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఆవిడకి ఊరు తెలీదు, భాష రాదు. ఎటో వెళ్ళి తప్పిపోతే? ఇప్పటికే పోగొట్టుకున్నవాళ్ళు చాలు మాకు." అది అబద్ధం కాదు. కానీ వెంటనే మూతి విరిచి, "అయినా ఆడవాళ్ళకి తాళంచెవులెందుకక్కా? మీ ఇంటిది మీ దగ్గరుంటుందా ఏం?" అన్నాడు.

భుజాన సంచి బరువుగా కదిలి, లోపల తొమ్మిది ఇళ్ళూ గలగలమన్నాయి.

"ఉండదు," అన్నాను. "పన్నెండేళ్ళుగా వానలో నిలబడుతున్నాను. ఎండలోనూ. నీ కూతురికి కూడా ఆ మెట్లు అలవాటు చెయ్యాలని ఉంటే చెప్పు, ఆసక్తి లేదని రాసేస్తా. ఆసక్తి లేనిది ఆవిడకి కాదు, నీకని రాస్తా, నీ పేరుతో."

అతను చాలాసేపు డబ్బా మూత తీసి పెట్టాడు, తీసి పెట్టాడు. తర్వాత జేబులోంచి గుత్తి తీసి, బిగుసుకుపోయిన రింగుని గోటితో విప్పడం మొదలెట్టాడు. గోరు విరిగింది. వేలు నోట్లో పెట్టుకుని, "మీరే ఇవ్వండి ఆవిడకి," అన్నాడు. "నేనిస్తే... ఇన్నాళ్ళూ ఎందుకివ్వలేదని అడుగుతుంది."

అటునుంచి అటే వెళ్ళి తాళంచెవి తొందరమ్మకిచ్చి రెండో గడి పక్కన సంతకం పెట్టించాను. పేరులో అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకున్నాయి, అందులోనూ తొందరే.

శుక్రవారం పొద్దున కారణం రాసే గడి ముందు కూర్చున్నాను. 'పాపకి జ్వరం' అని రాస్తే సరిపోతుంది, ఎవరికీ నష్టం లేదు. నా ఉద్యోగం ఏడాదికోసారి పొడిగిస్తారు, వచ్చే నెలే ఆ సమయం. పెన్ను మూత పెట్టాను, తీశాను. ఆఖరికి రాశాను: 'ఈమెకు రావలసిన తాళంచెవిని నేను ఈమెకు ఇవ్వలేదు. తప్పు నాది.'

పెద్దమేడం రెండుసార్లు చదివింది. "ఇది నీ మీద నువ్వే రాసుకున్నావు, తెలుసా?"

"తెలుసు. నేను అప్పజెప్పిన ఇళ్ళన్నిటికీ మళ్ళీ వెళ్ళాలి మేడం. అన్నిట్లోనూ ఇలాగే చేసి ఉంటాను."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పొడిగింపు గురించి ఒక్కమాటా చెప్పలేదు. సీటు దగ్గర 'సోమవారం నుంచి హాజరు' అని రాసి ముద్ర వేసింది. ఆ ముద్ర చప్పుడు నాకు చాలు ఆ రోజుకి.

సాయంత్రం మా ఇంటి బెల్లు కొట్టాను. టీవీ, నవ్వు, "ఉండమ్మా, తీస్తా." తలుపు తెరుచుకుంది. నేను గడప దాటలేదు.

"తాళంచెవి ఇవ్వండి."

"దేనికి?"

"మలుపులో తాళాల కొట్టు ఇంకా మూయలేదు. ఇంకోటి చేయించుకొస్తాను."

"ఇప్పుడా? ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు..."

"ఉంటారు. తెలుసు." చెయ్యి చాపే ఉంచాను. ఆయన ఆ చేతిని, నన్ను, మళ్ళీ ఆ చేతిని చూశారు. కొత్తమనిషిని చూసినట్టు చూసి, జేబులోంచి తీసి పెట్టారు. లోహం ఆయన ఒంటి వేడికి వెచ్చగా ఉంది.

"టీ అయినా పెట్టి వెళ్ళు," అన్నారు, కాస్త చిన్న గొంతుతో.

లోపలినుంచి అత్తయ్య కేకేసింది. "ఎంతసేపట్లో వస్తావే? మళ్ళీ తలుపు తియ్యడానికి లేవాలి కదా ఎవరో ఒకరు!"

"మీరెవరూ లేవక్కర్లేదు అత్తయ్యా," అని మెట్లు దిగాను.