తెరుచుకోని మాటలు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా గిలకలదిండి రేవు అంతటికీ తెలుసు. అలాంటిదాన్ని పట్టుకుని మా పడవలవాళ్ళు ఫోన్ గ్రూపుకి పెద్దను చేశారు. చేపలు ఎక్కడ పడుతున్నాయో మావాళ్ళు సముద్రం మీంచి గొంతు రికార్డు చేసి పంపుకుంటారు. ఆ మాట రేవులో పెద్ద పడవలున్న షావుకారు చెవిన పడితే తన పడవలన్నీ అక్కడికే తోలేస్తాడు. అందుకే గ్రూపులో మాటలకు తాళం పెట్టాం. లోపలి మాట బయటివాళ్ళకు చెప్పకూడదని అందరం గంగమ్మ మీద ఒట్టు కూడా వేశాం.

ఆ తాళం ఏర్పాటు చేసింది బెజవాడలో కంప్యూటర్ పాఠాలు చెప్పే హెలెన్. మొదట్లో ఎవరైనా గ్రూపు మానేస్తే ఒక్కొక్క ఫోన్‌కీ విడిగా కొత్త తాళంచెవి పంపాల్సి వచ్చేది. సముద్రంలో సిగ్నల్ అందక సగంమంది ఏమీ వినలేక నన్ను తిట్టేవారు. నేనూరుకుంటానా, తిరిగి తిట్టేదాన్ని.

"పడవకొక తాళంచెవి, నాలుగు పడవల జట్టుకొకటి, అందరికీ కలిపి పెద్దదొకటి పెడదామండీ," అంది హెలెన్. "ఒకరు వెళ్ళిపోతే వాళ్ళ దగ్గరున్నవే మారతాయి. పెద్దది మారినా జట్టుకొక్క కబురు చాలు. ఒక్కొక్కరికీ విడిగా పంపక్కర్లేదు."

బంగారం లాంటి పిల్ల. కానీ ఆ తాళం మొదట పడేది నా మొగుడి మీదేనని ఎవరనుకున్నారు!

మోకాళ్ళు అరిగి వేటకు వెళ్ళలేక మా ఆయన షావుకారు ఐసు షెడ్డులో పనికి కుదిరాడు. షావుకారు మనిషి గ్రూపులో ఉండకూడదు.

"తీసెయ్యవే, నాకేంటి," అన్నాడు మొహం అటు తిప్పుకుని.

తీసేశాను.

మర్నాడు పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని, ఉలుకూ పలుకూ లేని ఫోన్ వంక చూస్తూ కూర్చున్నాడు. "ఒక్కడన్నా నా గురించి అడిగాడా?"

నా ఫోన్‌లో అప్పటికే ఆయన గురించే పెద్ద రచ్చ జరుగుతోంది. చెబుదామంటే ఒట్టు అడ్డం. ఫోన్ కొంగు కింద దాచుకున్నాను.

"అడగలేదులే. చచ్చినోడికైనా దినం పెడతారు. నా వల అమ్మేస్తాను," అన్నాడు.

తన చేత్తో అల్లుకున్న వల అది. అమ్మాడంటే ఈ మనిషి ఇక పడవల వైపు రాడు.

"అమ్ము చూద్దాం, కాళ్ళు విరగ్గొడతా!"

"అరిగినవేగా, విరగ్గొట్టు."

ఆ వారంలోనే షావుకారు మా ఆయన దగ్గర కూపీ లాగాడట. "రాముడూ, మీవాళ్ళు ఇవాళ ఏ వైపెళ్ళారోయ్?"

"తెలీదండీ. నన్ను తీసేశారండీ."

ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. "అయితే నువ్వు నాకెందుకు?" అని పనిలోంచి పొమ్మన్నాడు.

"రెంటికీ చెడ్డ రేవడినయ్యానే," అంటూ ఇంటికొచ్చి కూలబడ్డాడు.

"ఓరి పిచ్చి మారాజా! నిన్ను కుదుర్చుకుందే అందుకు! తెలిసుంటే చెప్పేదాకా నీ ప్రాణం తీసేవాడు," అని తిడుతూనే ఆయన్ని మళ్ళీ గ్రూపులో కలిపాను.

కొత్త తాళంచెవి వచ్చింది. ఆత్రంగా పాత మాటలు నొక్కాడు. తెరుచుకోలేదు. హెలెన్‌కి ఫోన్ చేశాను.

"లేనప్పటివి తెరుచుకోవండీ. కొత్తగా వచ్చినవాళ్ళకి వెనకటివి అందకూడదనే అలా పెట్టాం."

"ఏముంటాయిలే వాటిల్లో," అన్నాడు మా ఆయన.

ఇప్పుడాయన లోపలి మనిషి. ఒట్టు ఇక అడ్డం రాదు. నా ఫోన్‌లో విన్నవి విన్నట్టే చెరిగిపోతాయి కాబట్టి నోటితోనే చెప్పాను.

"మన పడవ నడిపే కిరీటి ఏమన్నాడో తెలుసా? 'మావ లేకపోతే గాలి సంగతి మాకెవరు చెబుతారు, మొగుణ్ణే తీసేసిన రాక్షసివి నువ్వు' అని నన్ను తిట్టాడు. చిన్నప్పట్నించీ నీతో వేటకొచ్చిన రత్తయ్య అన్నయ్య అసలు మాట్లాడనే లేదు. రికార్డు నొక్కి ఏడ్చాడు. అలల చప్పుడూ, ఆయన ఏడుపూ, అంతే."

మా ఆయన ఫోన్ పక్కన పెట్టాడు. మోకాళ్ళు పట్టుకుని జరిగి, నాకు ఆనుకుని కూర్చున్నాడు.

"రత్తయ్యది మళ్ళీ చెప్పు," అన్నాడు.